చాక్లెట్ మూస్‌లో ముందు తగ్గించాల్సింది క్రీమే, చాక్లెట్ కాదు

మామూలు చాక్లెట్ మూస్ (చాక్లెట్‌లో నురుగు కలిపి చల్లబరిచే తీపి వంటకం) తింటే కడుపు బరువెక్కుతోందని మీరు కొవ్వు తక్కువున్న క్రీమ్ తెచ్చి, చాక్లెట్ కూడా సగానికి తగ్గించి చేశానన్నారు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడలేదని, రుచి కూడా చప్పగా ఉందని, పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్పమని అడిగారు. రెండుచోట్ల జరిగింది. నాకెలా తెలుసంటే, అచ్చం అలాగే నేనూ చేసి చూశాను కాబట్టి.

మా అత్తగారికి పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలినప్పుడు కొవ్వు బాగా తగ్గించమన్నారు డాక్టరు. ఆవిడ తీపి పెద్దగా ముట్టరు, ఈ మూస్ ఒక్కటే ఇష్టంగా తింటారు. చిన్న కప్పయితే ఎప్పుడైనా తినవచ్చని డాక్టరు ఒప్పుకున్నాక, తేలిగ్గా ఉండేలా చేద్దామని మొదలుపెట్టాను. మొదటిసారి చేసింది కప్పులో పోసి ఇస్తే, చెంచాతో అటూ ఇటూ కలిపి "ఇది తినాలా, తాగాలా అమ్మా?" అన్నారు. అక్కణ్ణుంచి ఓ పది పన్నెండుసార్లు చేస్తే గానీ కుదరలేదు.

మొదట క్రీమ్ సంగతి. క్రీమ్‌ను గిలకొట్టినప్పుడు అందులోని కొవ్వు రేణువులు ఒకదానికొకటి అంటుకుంటూ గాలి బుడగల చుట్టూ గోడ కడతాయి. అందుకు కొవ్వు కనీసం 30 శాతమైనా ఉండాలి. విప్పింగ్ క్రీమ్‌లో సాధారణంగా 35 శాతం ఉంటుంది. మీరు తెచ్చినదాంట్లో 20, 25 శాతమే ఉండి ఉంటుంది. గోడ కట్టడానికి సరిపడా సరుకు లేనప్పుడు ఎంతసేపు గిలకొట్టినా పైన కాస్త నురుగు లేస్తుంది, అంతే. తప్పు మీ చేతిది కాదు, బీటర్‌దీ కాదు.

ఇక చాక్లెట్. మూస్ ఫ్రిజ్‌లో గట్టిపడేది చాలావరకు చాక్లెట్‌లో ఉండే కోకో బటర్ (కోకో గింజల కొవ్వు) వల్లే. అది మన ఒంటి వేడికి కాస్త దిగువనే, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నోట్లో పెట్టగానే జారిపోయే ఆ గుణం దానిదే. చాక్లెట్ సగం చేస్తే రుచితో పాటు మూస్‌ను నిలబెట్టేదీ సగం అయిపోయింది. కొవ్వు లెక్క చూసినా చాక్లెట్‌ను అంతగా తగ్గించి లాభం లేదు. నేను మామూలుగా ఆరుగురికి 200 గ్రాముల చాక్లెట్, 300 మి.లీ. క్రీమ్ వాడేదాన్ని. అందులో కొవ్వు ఎక్కువ వచ్చేది క్రీమ్ నుంచే. కాబట్టి పెద్ద కోత క్రీమ్‌కే పెట్టాలి.

పూర్తిగా తీసేయవచ్చా అంటే, తీసి చూశాను. కొవ్వు లేని పెరుగుతో, తెల్లసొనతో చేశాను. నిలబడింది కానీ చేదు, పులుపు నాలుకకు సూటిగా తగిలాయి. కొవ్వు ఉంటే ఆ రెండింటి పదును తగ్గుతుంది. ఈ తేడా నాకు అప్పటిదాకా తెలియదు. అందుకే ఇప్పుడు ఆరు కప్పులకు 60 మి.లీ. విప్పింగ్ క్రీమ్ ఉంచుతున్నాను. అంటే మనిషికి రెండు టీస్పూన్లు. ఆ కాస్తకే నాలుక మోసపోతుంది!

ఇప్పుడు నేను చేసే కొలతలు: 70 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ 120 గ్రాములు, మూడు గుడ్ల తెల్లసొన, గట్టి గ్రీక్ యోగర్ట్ 120 గ్రాములు, పంచదార 40 గ్రాములు, పైన చెప్పిన క్రీమ్, మూడు టేబుల్ స్పూన్ల వేడి బ్లాక్ కాఫీ, చిటికెడు ఉప్పు. యోగర్ట్ దొరక్కపోతే మామూలు పెరుగే పల్చటి గుడ్డలో మూటకట్టి నాలుగైదు గంటలు నీరు కారనివ్వండి. పుల్లగా మారిన పెరుగు మాత్రం వద్దు. కాఫీ వేసినందుకు కాఫీ రుచి రాదు, చాక్లెట్ రుచి ముదురుతుంది.

చాక్లెట్‌కు నీళ్లు తగిలితే పాడవుతుందంటారుగా, మరి కాఫీ ఎలా అని అడగబోతున్నారేమో. రెండు చుక్కలు తగిలితేనే బిరుసెక్కి ముద్దవుతుంది. ఎక్కువ పోస్తే ఏమీ కాదు, నునుపుగా కలిసిపోతుంది. మరుగుతున్న కాఫీని తురిమిన చాక్లెట్ మీద ఒకేసారి పోసి, నిమిషం ఆగి, మధ్యలోంచి కలుపుకుంటూ రండి. ఎక్కడైనా ముక్క మిగిలితే గిన్నెను వేడినీళ్ల మీద కాసేపు ఉంచితే సరి.

నేను ఎక్కువసార్లు దెబ్బతిన్నది దీని తరవాతి మెట్టులో. ఫ్రిజ్‌లోంచి తీసిన యోగర్ట్‌ను తీసినట్టే చాక్లెట్‌లో వేసేదాన్ని. చల్లదనానికి కోకో బటర్ అక్కడికక్కడే బిగుసుకుని, తింటుంటే ఇసుక నమిలినట్టు ఉండేది. యోగర్ట్‌ను గంట ముందే బయట పెట్టుకోండి. చాక్లెట్ గిన్నె అడుగును అరచేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా తగలాలి, అప్పుడు యోగర్ట్ ఒక్కో చెంచా వేస్తూ కలపండి. అయినా ఇసుకలా అయిందా, తెల్లసొన కలపకముందైతే ఇంకా మించిపోలేదు. వేడినీళ్ల మీద పెట్టి నెమ్మదిగా కలిపితే మళ్లీ నునుపవుతుంది. కలిపేశాక చేయగలిగిందేమీ లేదు.

క్రీమ్‌ను వేరే గిన్నెలో మెత్తగా నిలిచేదాకా గిలకొట్టి పక్కన పెట్టుకోండి. తెల్లసొనకు గిన్నె, బీటర్ శుభ్రంగా, పొడిగా ఉండాలి. పచ్చసొన బొట్టు పడినా, గిన్నెకు జిడ్డున్నా నురుగు సరిగ్గా లేవదు. ప్లాస్టిక్ గిన్నెలకు జిడ్డు వదలదు కాబట్టి స్టీలుదో గాజుదో తీసుకోండి. కాస్త నురుగొచ్చాక పంచదార మూడు విడతలుగా వేయండి. బీటర్ పైకెత్తితే కొన కొద్దిగా వంగి నిలబడాలి, అంతవరకే. ఇంకా గట్టిగా రావాలని సాగదీస్తే పొడిబారి దూదిపింజల్లా విడిపోతుంది, చాక్లెట్‌లో కలవక తెల్లతెల్లగా మిగులుతుంది. అవి పోగొడదామని కలిపేకొద్దీ గాలంతా పోతుంది.

కలిపేటప్పుడు మూడో వంతు నురుగును ముందు మొహమాటం లేకుండా కలిపేయండి. అది చాక్లెట్‌ను పల్చబరచడానికే. మిగతా నురుగునూ తరవాత క్రీమ్‌నూ స్పాచులాతో (చదునైన మెత్తటి గరిటెతో) అడుగునుంచి పైకి మడుస్తూ కలపాలి. ఒకటి రెండు తెల్ల చారలు కనిపిస్తున్నా ఆపేయండి. కప్పుల్లో వేసి కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. క్రీమ్‌తో చేసినంత గట్టిగా ఉండదు, చెంచా తేలిగ్గా దిగుతుంది.

పచ్చి గుడ్డు విషయంలో జాగ్రత్త అవసరమే, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఉంది. గర్భిణులు, పసిపిల్లలు, పెద్దవాళ్లు తినేదయితే మరీను. తెల్లసొనను పంచదారతో కలిపి వేడినీళ్ల మీద 71 డిగ్రీల దాకా తెచ్చే పద్ధతి ఒకటుంది. పంచదార దండిగా ఉన్నప్పుడు అది చక్కగా పనిచేస్తుంది. నేను 40 గ్రాములతో ప్రయత్నిస్తే గిన్నె అంచున సొన ఉడికి తరకలు కట్టింది. అందుకని పాశ్చరైజ్ చేసిన (క్రిములు చచ్చేలా ముందే వేడిచేసిన) తెల్లసొన డబ్బా కొంటున్నాను. అది లేవడానికి మామూలు సొన కంటే ఎక్కువసేపు పడుతుంది, నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే నురుగు నిలుస్తుంది.

గుడ్డే వద్దనుకుంటే కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్లు 90 మి.లీ. వాడండి. నమ్మబుద్ధి కాదు గానీ అచ్చం తెల్లసొనలాగే నురుగొస్తుంది, చాక్లెట్ ముందు శనగ వాసన తెలియదు. సముద్రపు నాచు నుంచి తీసే, గడ్డకట్టించే అగర్ అగర్ జోలికి మాత్రం వెళ్లకండి. 40 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలవుతుంది, మనం నురుగు కలిపే సమయానికి గిన్నెలో జెల్లీ ముక్కలుంటాయి.

ఇంకొకటి, సరదాకైనా చేసి చూడండి. ఎర్వే తిస్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త 1995లో కేవలం చాక్లెట్, నీళ్లతో మూస్ చేసి చూపించాడు. చాక్లెట్‌ను నీళ్లలో కరిగించి, ఐసు మీద పెట్టిన గిన్నెలో గిలకొట్టడమే. నేను చేశాను, నిజంగానే వస్తుంది. ఒక్క నిమిషం ఎక్కువ గిలకొడితే రవ్వలా అవుతుంది, మళ్లీ కరిగించి మొదటికి రావాలి. అయితే చాక్లెట్ బాగా పడుతుంది కాబట్టి అది తేలిక వంటకమని నేననను.

నా లెక్కలో పాత పద్ధతిలో కప్పుకు సుమారు 400 కేలరీలు, 31 గ్రాముల కొవ్వు ఉండేవి. ఇప్పుడు 200 కేలరీలు, 13 గ్రాములు. మీరు వాడే చాక్లెట్‌ను బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఒక్క ఇబ్బంది ఉంది, ఇది ముందురోజు చేసి దాచుకునే రకం కాదు. మర్నాటికి కప్పు అడుగున నీరు చేరుతుంది. పొద్దున చేసి రాత్రికి తినేయండి.