తిరిగినప్పుడే తియ్యాలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నీ మోటార్‌హోమ్, అదే ఇల్లులా కట్టుకున్న ఆ బండి సంగతి మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. అరిజోనా ఎండలో పిల్లల్ని వెనకాల కూర్చోబెట్టి ముప్పావుగంట తాళంచెవితో కుస్తీ పట్టావట. చివరికి ఎలాగో తిరిగింది, ఇంటికొచ్చేశారు. నువ్వు హమ్మయ్య అనుకునుంటావు, నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. ఇల్లు చేరగానే బండి ఆపేసి తాళంచెవి జేబులో వేసుకున్నావు కదా, ఇక మళ్లీ తిరగాలా వద్దా అన్నది దాని దయ.

నీది 1994 ఫోర్డ్ ఈ-350 మీద కట్టిన బండి. అందులో ఇగ్నిషన్ సిలిండర్, అంటే తాళంచెవి దూర్చే గొట్టం, ఊడి రావాలంటే తాళం రన్‌లో, అంటే ఇంజన్ నడిచేటప్పుడుండే గడిలో, ఉండి తీరాలి. స్టీరింగ్ కాలమ్, అదే స్టీరింగ్‌ని మోసే గొట్టం, కిందికి తొంగిచూస్తే సిలిండర్‌కి సరిగ్గా దిగువన చిన్న బెజ్జం ఉంటుంది. తాళాన్ని రన్‌కి తిప్పి, ఆ బెజ్జంలోకి 1/8 అంగుళం డ్రిల్ బిట్ మొదలు దూర్చి పైకి నొక్కితే సిలిండర్‌ని పట్టి ఉంచే పిన్ను లోపలికి పోతుంది. అలా నొక్కిపట్టే తాళంచెవి పట్టుకుని లాగు, సిలిండర్ మొత్తం చేతిలోకొస్తుంది. పది నిమిషాల పని. అదే లాక్‌లో, అంటే బండి ఆపి తాళంచెవి తీసే గడిలో, బిగుసుకుపోయిందా, పిన్ను ఎంత పొడిచినా లొంగదు. తాళాలవాడు వచ్చి లోపలి రేకుల్ని సర్ది తిప్పగలిగితే నీ అదృష్టం, లేదంటే డ్రిల్లుతో తొలిచెయ్యడమే.

అందుకని ముందు దాన్ని ఒక్కసారి తిప్పించే దారి చూద్దాం. మొదట గేరు పార్క్‌లో పూర్తిగా పడిందో లేదో చూసుకో. ఆ తర్వాత స్టీరింగ్. చక్రాలు ఏ పక్కకో తిరిగి గట్టుకి ఆనుకుని ఉంటే స్టీరింగ్ లాకు పిన్ను మీద బరువంతా పడుతుంది. ఎడమ చేత్తో స్టీరింగ్‌ని అటూ ఇటూ ఊపుతూ కుడి చేత్తో తాళంచెవి మెత్తగా తిప్పు. సగం బళ్లకి రోగం ఇదే.

అయినా కదలకపోతే తప్పు సిలిండర్‌ది. లోపల స్ప్రింగుల మీద ఆడే సన్నటి ఇత్తడి రేకులుంటాయి. తాళంచెవి పళ్లు వాటిని సరిగ్గా ఒక వరసకి తెస్తేనే సిలిండర్ తిరుగుతుంది. ముప్పై ఏళ్ల తాళంచెవి కదరా, అరిగిపోయుంటుంది. ఒక రేకు వెంట్రుకవాసి పైకి నిలిచినా గోడకి తన్నుకుంటుంది. తాళంచెవిని కొసదాకా దోపి, ఒక పిసరు వెనక్కి లాగి తిప్పిచూడు. తిప్పుతూనే స్క్రూడ్రైవర్ పిడితో తాళంచెవి తలమీద చిన్నగా తట్టు. గ్రాఫైట్ పొడి దొరికితే సరే, లేకపోతే పెన్సిల్ ములుకుని తాళంచెవి పళ్లకి రుద్దు. ఇంజనాయిల్ మాత్రం పొయ్యకు. ఆ పూటకి తిరుగుతుంది, నెల తిరక్కుండా దుమ్ముతో కలిసి జిగురైపోతుంది.

పట్టకారు జోలికి అసలు పోవద్దు. బెజవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పని నేర్చుకున్నవాణ్ని, నాకా పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా టెక్సాస్‌లో ఒక రాత్రి వానలో, మీ అత్త పక్కన కూర్చుని సణుగుతుంటే, కోపం ఆపుకోలేక పట్టకారేసి తిప్పాను. తాళంచెవి సగం నా చేతిలో, సగం తాళంలో. తెల్లారేదాకా మీ అత్త మాట్లాడలేదు. అదొక్కటే లాభం.

కొత్త సిలిండర్ కొనేముందు ఒక మాట. నీ బండి కాలానికి తాళంచెవుల్లో చిప్పులు లేవు, కాబట్టి కంప్యూటర్ గొడవ ఉండదు. కొత్తదానికి కొత్త తాళంచెవులొస్తాయి, తలుపులకి పాతవే ఉంటాయి. రెంటికీ ఒకటే కావాలంటే తాళాలవాడికిచ్చి కొత్త సిలిండర్‌ని పాత తాళంచెవికి సరిచేయించుకోవచ్చు. కానీ నీ అరిగిన తాళంచెవికి నకలు తీయించకు, అరుగుదల కూడా నకల్లోకి దిగుతుంది. ఆ తాళంచెవికి కంపెనీ ఇచ్చిన కోడ్‌ని బట్టి కొత్తది కోయించు.

పని మొదలెట్టేటప్పుడు చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పు, ఇంజన్ బ్యాటరీదీ, బండిలో ఇంటి సామానుకి కరెంటిచ్చే బ్యాటరీదీ రెండూ. కొత్త సిలిండర్‌ని కూడా రన్‌లో ఉంచే, పిన్ను నొక్కిపట్టి లోపలికి తొయ్యి. టక్కుమని కూర్చుంటుంది. తీగలు బిగించాక లాక్ నుంచి స్టార్ట్ దాకా అన్ని గడులూ తిప్పి చూడు, స్టీరింగ్ లాకు పడుతోందా, తాళంచెవి బయటికొస్తోందా కూడా చూసుకో. తాళం తేలిగ్గా తిరుగుతూ స్టార్టర్ పలక్కపోతే అది వేరే జబ్బు, కాలమ్ లోపల తాళం తిప్పుని స్విచ్చికి అందించే పోతపోసిన ముక్క విరిగుండొచ్చు, లేదా కింద ఉండే స్విచ్చి పోయుండొచ్చు. అప్పుడు నువ్వు చెయ్యి పెట్టకు.

సిలిండర్ ముందే తెప్పించి డ్యాష్‌బోర్డు మీద పెట్టుకో, డ్రిల్ బిట్ కూడా. తాళం తిరిగిన మరుక్షణం నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే. మళ్లీ వెనక్కి తిప్పాక చేశావంటే మాత్రం ఎత్తను.

మీ మామయ్య