రాతి పనిముట్ల వయసు తేల్చాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. ప్రకాశం జిల్లా రెట్లపల్లెలో దొరికిన రాతి పనిముట్లు 1,39,000 ఏళ్ల నాటివని పేపర్లో చదివిన దగ్గర్నుంచి, ఆ వయసు తేల్చే పనే చేస్తానంటోంది. డిగ్రీ అయ్యాక ఆర్కియాలజీ ఎంఏలో చేరతానంటోంది. చేర్చమంటారా?

జవాబు: వద్దండీ, ఫిజిక్స్ వదలనివ్వకండి. రాతి పనిముట్టుకు సాధారణంగా నేరుగా వయసు కట్టరు. అది పూడిపోయిన పొరలోని ఇసుక రేణువు ఆఖరుసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో లెక్కగడతారు. దీన్నే ల్యూమినెసెన్స్ డేటింగ్ అంటారు. మట్టిలోని యురేనియం, థోరియం, పొటాషియం నుంచి వచ్చే రేడియేషన్‌కు ఇసుకలోని క్వార్ట్జ్ స్ఫటికంలో ఎలక్ట్రాన్లు చిక్కుకుంటూ ఉంటాయి. ఎండ తగిలితే అవి విడిపోయి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ల్యాబ్‌లో నీలి కాంతి పడగానే అవి బయటపడి మెరుస్తాయి. ఆ మెరుపును బట్టి రేణువుకు అందిన మొత్తం డోసు తెలుస్తుంది. అది 150 గ్రే (రేడియేషన్ డోసుకు కొలమానం) అయి, వెయ్యేళ్లకు 3 గ్రే చొప్పున పడుతుంటే వయసు 50,000 ఏళ్లు.

భాగహారం తేలికే, కష్టమంతా ఆ రెండు అంకెలు రాబట్టడంలో ఉంది. తవ్వకం గోడను కొత్త మట్టి కనిపించేదాకా చెక్కి, 5 సెంటీమీటర్ల వ్యాసం, 25-30 సెంటీమీటర్ల పొడవున్న ఇనుప గొట్టాన్ని అడ్డంగా దిగ్గొడతారు. గొట్టం నిండుగా లేకపోతే దారిలో మట్టి కదిలి, వెలుగు తగిలిన చివరి రేణువులు మధ్యలోవాటితో కలిసిపోతాయి. ఆ నమూనా ఇక పనికిరాదు. తేమ కొలవడానికి పక్క మట్టిని గాలి చొరని సంచిలో విడిగా తీసుకోవాలి. నీరు రేడియేషన్‌ను కొంత మింగేస్తుంది కాబట్టి తేమ అంచనా 1 శాతం తప్పితే వయసు కూడా దాదాపు అంతే తప్పుతుంది.

ల్యాబ్‌లో పనంతా మసక ఎర్ర వెలుగులోనే. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో సున్నం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సేంద్రియ పదార్థం పోగొట్టి, 90-150 మైక్రాన్ల రేణువులు జల్లించి, 40 శాతం హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌లో ముప్పావుగంట నుంచి గంటకుపైగా ఉంచుతారు. అది ఇసుకలో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజాన్ని కరిగించి క్వార్ట్జ్ పైపొరను తీసేస్తుంది. గాజునూ తినేస్తుంది కనుక ప్లాస్టిక్ బీకర్లే వాడాలి. చర్మంపై పడితే లోపలికి దిగి ప్రాణం మీదికి తెస్తుంది. విరుగుడుగా పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ అందుబాటులో లేకుండా సీసా మూత తీయకూడదు. తర్వాత ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసినప్పుడు రేణువులు మెరిస్తే ఫెల్డ్‌స్పార్ మిగిలినట్టే, యాసిడ్ పని మళ్లీ మొదటికొస్తుంది. ఈ ఓపిక ఉందో లేదో మీ అమ్మాయే చూసుకోవాలి.

ఇంత చేసినా లెక్క తప్పొచ్చు. కృష్ణ వరదలాంటి బురదనీటిలో కొట్టుకొచ్చిన ఇసుకకు ఎండ సరిగా తగలదు. పాత సిగ్నల్ మిగిలిపోయి వయసు ఎక్కువ చూపిస్తుంది. చెదలు, వేర్లు పొరల్ని కలిపేస్తాయి. క్వార్ట్జ్ సిగ్నల్ సాధారణంగా 150-200 గ్రేల దగ్గర నిండిపోతుంది కాబట్టి, అంతకన్నా పాత పొరలకు ఫెల్డ్‌స్పార్‌ను వాడతారు. తమిళనాడులోని అత్తిరంపాక్కంలో సుమారు 3,85,000 ఏళ్ల వయసు అలా తేలిందే. ఏ పద్ధతి ఎక్కడ వాడాలో తెలియడానికి ఫిజిక్స్ కావాలి. అందుకే ఎంఏ వద్దన్నాను. ఆర్కియాలజీ తర్వాతైనా నేర్చుకోవచ్చు.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేయించండి, అందుకు ఐఐటీ జామ్ ప్రవేశ పరీక్ష రాయించండి. ఆపైన సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, డెహ్రాడూన్ వాడియా, లక్నో బీర్బల్ సాహ్ని సంస్థల్లో ఈ పని జరుగుతుంది. పీహెచ్‌డీకి ఐదేళ్లు పట్టొచ్చు, ఆ తర్వాత పోస్టులు చాలా తక్కువ. ఇది ముందే తెలిసి దిగాలి.

ఉద్యోగం గురించి మీకు బెంగ ఉంటే ఇంకో దారి ఉంది. ఎక్స్‌రే, రేడియోథెరపీ సిబ్బంది తమకు తగిలిన రేడియేషన్ కొలవడానికి పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జీ కూడా ఇలాగే, చిక్కుకున్న ఎలక్ట్రాన్ల మెరుపుతోనే డోసు చెబుతుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత ముంబై బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం)లో రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేస్తే క్యాన్సర్ ఆసుపత్రుల్లో మెడికల్ ఫిజిసిస్ట్‌గా చేరొచ్చు.

ఈ ఏడాదే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. డేటా లెక్కలకు వాడే 'ఆర్' సాఫ్ట్‌వేర్, అందులోని 'ల్యూమినెసెన్స్' ప్యాకేజీ ఉచితం. రోజూ ఓ గంట దానిమీద కూర్చుని, ప్యాకేజీతో వచ్చే నమూనా డేటాకు గ్రోత్ కర్వ్ (డోసును బట్టి మెరుపు ఎలా పెరుగుతుందో చూపే గీత) గీయడం నేర్చుకోమనండి. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసేటప్పుడు అది రాసుకోవచ్చు.