గుమ్మం ముందు కరెంటు బేరాలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రైతుబజారు దగ్గర గొడుగు వేసుక్కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు మా మావయ్యగారిని ఆపి, "సోలార్ సబ్సిడీకి ఇవాళే ఆఖరు" అన్నారట. కరెంటు బిల్లు, ఆధార్ ఫొటోలు తీసుకుని, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పించుకున్నారు. బుకింగ్ అని 5,000 రూపాయలు కూడా కట్టించుకున్నారు. రసీదు ఇవ్వలేదు. ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ ఓటీపీ మెసేజ్ ఫోనులో తీసి చదవండి. బ్యాంకు పంపినదైతే ఈ జవాబు తర్వాత చదవొచ్చు, ముందు బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి. ఇంటి డాబా మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం పీఎం సూర్యఘర్. దాని పోర్టల్ నుంచి వచ్చినదైతే మావయ్యగారి నంబరుతోనే పోర్టల్లో లాగిన్ అయి, మీ సర్వీసు నంబరు మీద అప్లికేషన్ పడిందా, ఏ వెండరు పేరు పెట్టారు, బ్యాంకు ఖాతా ఎవరిది ఇచ్చారు, ఈ మూడూ చూడండి. మీకు తెలియకుండా జరిగినదేదైనా కనబడితే పోర్టల్లోనే ఫిర్యాదు పెట్టి, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసులో కాగితం మీద రాసిచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి.

"ఇవాళే ఆఖరు" అన్నది ఒట్టి మాట. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకాన్ని 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు అమలు చేస్తామని కేంద్రం ప్రకటించింది. కేంద్ర సబ్సిడీ లెక్క కూడా ఏ కంపెనీతో పెట్టించుకున్నా ఒక్కటే. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000, మూడో కిలోవాటుకు 18,000, అంటే గరిష్ఠంగా 78,000. ఐదు కిలోవాట్లు పెట్టినా అంతే. "మా కంపెనీ అయితే సబ్సిడీ ఎక్కువ" అన్నాడంటే అక్కడితో బేరం ముగించేయొచ్చు. పైగా ఆ డబ్బు పానెళ్లు బిగించి, నెట్ మీటరు (లైను నుంచి ఇంటికి వచ్చే కరెంటునూ, పానెళ్ల నుంచి లైనులోకి వెళ్లేదాన్నీ లెక్కేసేది) పెట్టి, డిస్కం వాళ్లు చూసి వెళ్లాక మీ ఖాతాలో పడుతుంది. ముందుగా పడేది ఏదీ లేదు.

ఆ కుర్రాళ్లు మళ్లీ వస్తే కొటేషన్ రాసివ్వమనండి. రాతలో "డీసీఆర్ పానెళ్లు" అన్న మాట ఉందా లేదా చూడండి. డీసీఆర్ అంటే పానెలూ, లోపలి సెల్సూ రెండూ దేశంలో తయారైనవి. సబ్సిడీ వాటికే వస్తుంది. దిగుమతి సెల్సుతో చేసినవి చవక. ఆ చవక ధర చూపించి, నోటితో సబ్సిడీ మాట చెప్పడం ఈ వ్యాపారంలో బాగా నడిచే ఎత్తు. పానెలు ఎన్ని వాట్లు, ఎన్ని పానెళ్లు (3 కిలోవాట్లకు 540 వాట్లవి ఆరు), ఇన్వర్టరు కంపెనీ, వారంటీ, ఎర్తింగ్ ఎన్ని (డీసీకి, ఏసీకి, పిడుగు కడ్డీకి విడివిడిగా మూడు), నెట్ మీటరు ఖర్చు ఎవరిది, ఐదేళ్ల సర్వీసు ఎవరు చేస్తారు, ఇవన్నీ రాతలో ఉండాలి. డబ్బు విడతలుగా ఇవ్వండి. ఆఖరి విడత నెట్ మీటరు తిరిగాకే.

అసలు మీకు ఎంత కావాలో కూడా లెక్కేసుకోండి. ఒక కిలోవాటు రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు 120 దాకా ఇస్తుంది. కిలోవాటుకు వంద చదరపు అడుగుల నీడలేని డాబా కావాలి. నెలకు 180 యూనిట్లు కాల్చే ఇంటికి ఐదు కిలోవాట్లు అంటగట్టడం అమ్మేవాడి లాభానికే. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చే ఇల్లయితే, పానెళ్లకు పెట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం.

"కరెంటు పోయినా మీ ఇంట్లో లైట్లు వెలుగుతాయి" అన్నది ఇంకో అబద్ధం. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపే (ఆన్‌గ్రిడ్) ఇన్వర్టరు లైను పోగానే తనూ ఆగిపోతుంది. ఆగాలి కూడా. లేకపోతే మీ డాబా మీది కరెంటు తీగలోకి వెళ్లి స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి ఇంటికి (డాలస్ దగ్గర ఇర్వింగ్) వచ్చాం. మేమిద్దరమే ఉన్నప్పుడు మెడలో కార్డు వేసుకున్న మనిషొచ్చి "మీ రేటు పెరగబోతోంది, బిల్లు చూపండి" అని, ట్యాబ్లెట్ మీద సంతకం తీసుకున్నాడు. "యూనిట్ 8 సెంట్లే" అన్నాడు. రద్దవుతుందా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వెంటనే కదిలితే అవుతుంది. టెక్సస్‌లో చాలాచోట్ల కరెంటు ఏ కంపెనీ దగ్గర కొనాలో ఇంటివాళ్లే ఎంచుకుంటారు. అలా కంపెనీ మారే ఒప్పందాన్ని మూడు పనిదినాల్లోపు జరిమానా లేకుండా రద్దు చేసుకునే హక్కుంది. కొత్త ఇంట్లో దిగేటప్పుడు తీసుకున్న కనెక్షన్‌కు మాత్రం ఇది వర్తించదు. అమ్మాయి చేత కొత్త కంపెనీకి ఫోన్ చేయించి, రద్దు నంబరు అడిగి రాసుకుని, అదే మాట ఈమెయిల్లోనూ పంపమనండి. ఒప్పుకోకపోతే అక్కడి కరెంటు కంపెనీలను నియంత్రించే పబ్లిక్ యుటిలిటీ కమిషన్‌కు 1-888-782-8477.

అతను బిల్లు అడిగింది రేటు పోల్చడానికేమీ కాదు. బిల్లు మీద ఈఎస్ఐ ఐడీ అనే పొడవాటి నంబరుంటుంది, డాలస్ వైపు తీగలు చూసే ఆన్‌కార్ కంపెనీ ప్రాంతంలో 17 అంకెలు. ఇల్లు ఏ కంపెనీకి మారాలన్నా అదే తాళంచెవి. ఇక "మేం కరెంటు ఆఫీసు వాళ్లం" అంటే నమ్మకండి. ఎవరి దగ్గర కొన్నా అక్కడ తీగలు, స్తంభాలు చూసేది ఆన్‌కారే. ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాల్లో సరఫరా నగరపాలక సంస్థదే. అక్కడ ఇళ్లకు కంపెనీ మార్చుకునే వీలే లేదు, ఎవరొచ్చి ఏం చెప్పినా.

8 సెంట్ల గుట్టు "ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్" అనే కాగితంలో ఉంటుంది. అందులో 500, 1,000, 2,000 యూనిట్లకు సగటు ధర విడివిడిగా వేయాలి. ఉదాహరణకు అసలు రేటు 18 సెంట్లు, 1,000 యూనిట్లు చేరితే 100 డాలర్ల తగ్గింపు అనుకోండి. సరిగ్గా 1,000 కాలిస్తే 80 డాలర్లు, అంటే 8 సెంట్లే. 990 కాలిస్తే? 178 డాలర్లు! 2,000 అయితే 260, అంటే 13 సెంట్లు. ఏసీ అంతగా తిరగని మార్చి, నవంబరు నెలల్లో బిల్లు పేలేది ఇందుకే. ఏడాది బిల్లులు ముందు పెట్టుకుని, కమిషన్ వారి "పవర్ టు చూజ్" సైటులో పోల్చుకోమనండి.

ప్రశ్న: సంతలో వ్యాన్ వాడు ప్లగ్గులో పెట్టే పెట్టె అమ్ముతున్నాడు, బిల్లు సగానికి తగ్గుతుందట. ఫ్యాను తిరుగుతుండగా పెట్టె పెడితే మీటర్లో ఆంపియర్లు తగ్గడం కళ్లారా చూశాం.
– ఒక రైతు, కరీంనగర్ జిల్లా

జవాబు: చూసింది నిజమే, తగ్గింది ఆంపియర్లు. ఇంటి మీటరు లెక్కపెట్టేది వాట్లను. ఆ పెట్టెలో ఉండేది ఒక చిన్న కెపాసిటరు, ఒక లైటు. మోటారు లాగే రియాక్టివ్ కరెంటును (పని చేయకుండా తీగల్లో వచ్చిపోయే భాగాన్ని) కెపాసిటరు కొంత సర్దుతుంది కాబట్టి ఆంపియర్లు దిగుతాయి. ఇంటి బిల్లు ఆ రియాక్టివ్ భాగానికి వేయరు గనక తగ్గేదేమీ లేదు.

కొన్నవాళ్లుంటే ఇలా చూసుకోండి. ఒక్క ఫ్యాను తప్ప అన్నీ ఆపండి. మీటరు మీద ఎర్రలైటు పది నిమిషాల్లో ఎన్నిసార్లు మినుకుతుందో లెక్కపెట్టండి. తర్వాత పెట్టె పెట్టి, ఫ్యాను అదే స్పీడులో ఉంచి మళ్లీ పది నిమిషాలు లెక్కపెట్టండి. వ్యాన్ వాడు పక్కనే ఉండగా చేస్తే ఇంకా మంచిది, డబ్బు వాపసు అక్కడే అడగొచ్చు.