ఇంటి నుంచే ఆన్‌లైన్ వ్యాపారం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచే వచ్చాయి. ఊరగాయలు అమ్మేవారు, కలంకారీ వేసేవారు, పూజాసామగ్రి పంపేవారు. సరుకు వేరైనా బెంగ ఒకటే: రెండు మూడేళ్ల కిందట పనిచేసిన పద్ధతి ఇప్పుడు పనిచేయడం లేదు.

ప్రశ్న: ఇంట్లో ఊరగాయలు, పొడులు చేసి ఆన్‌లైన్లో అమ్ముతా ఉండాం. అరకిలో సీసా 320 రూపాయలు. నిరుటికన్నా ఆర్డర్లు పెరిగినాయి గానీ నెలాఖరుకు చేతిలో ఏమీ నిలవడం లేదు. అందరూ క్యాష్ ఆన్ డెలివరీనే అడుగుతారు. నూటికి 18 దాకా వెనక్కి వస్తా ఉండాయి. ధర పెంచాలంటే భయం. ఖర్చుల చీటీ జతచేశాను.
(ఒక పాఠకురాలు, పుత్తూరు)

జవాబు: ధర జోలికి ఇప్పుడే పోకండి. మీ చీటీ ప్రకారం ఒక్క సీసా లెక్క ఇలా ఉంది. సరుకు, సీసా, లేబులు కలిపి 150. అట్టపెట్టె, బబుల్ షీటు, టేపు 22. కొరియర్ 85. క్యాష్ ఆన్ డెలివరీ రుసుము 35. మొత్తం 292. మీకు మిగిలేది 28 రూపాయలు.

వెనక్కి వచ్చిన సీసా సంగతి చూడండి. పోయేటప్పుడు 85, వచ్చేటప్పుడు 75, ప్యాకింగ్ 22. పదిహేను రోజులు ఎండల్లో, గోదాముల్లో తిరిగొచ్చిన ఊరగాయను మళ్లీ అమ్మకూడదు కాబట్టి ఆ 150 కూడా పోయినట్టే. ఒక్కో రిటర్న్‌కు 332 నష్టం. నూరు పార్సెళ్లలో చేరిన 82 మీద 2,296 వస్తే, తిరిగొచ్చిన 18 మీద 5,976 పోతోంది. అంటే నూరు ఆర్డర్లకు 3,680 రూపాయలు మీరే ఎదురు పెడుతున్నారు. ఆర్డర్లు పెరిగేకొద్దీ నష్టం పెరగడానికి కారణం ఇదే. మీ ధరకు నూటికి 7 రిటర్న్‌ల వరకే తట్టుకోగలరు. ఎనిమిదోది వచ్చిందంటే చేతి డబ్బు పోతుంది.

రిటర్న్‌లు తగ్గించడానికి మూడు పనులు చేయండి. ఆర్డర్ రాగానే కాదు, పార్సెల్ కట్టే ముందు వాట్సాప్‌లో చిరునామా, పిన్‌కోడ్, దగ్గరి గుర్తు చదివి పంపి ‘సరే’ అనిపించుకోండి. జవాబు రాకపోతే కట్టకండి. రెండోది, క్యాష్ ఆన్ డెలివరీ కావాలన్నవారి దగ్గర 50 రూపాయలు ముందుగా యూపీఐలో తీసుకోండి. 50 కట్టినవారు పార్సెల్ వద్దనడం తక్కువ. మూడోది, మొత్తం ముందే చెల్లిస్తే 20 రూపాయలు తగ్గించండి. మీకు 35 మిగులుతుంది కాబట్టి ఆ తగ్గింపు మీ జేబులోంచి పోయేది కాదు.

ఇక బరువు. చాలా కొరియర్లు అరకిలో మెట్లలో లెక్కగడతాయి. అరకిలో ఊరగాయకు గాజు సీసా, ప్యాకింగ్ తోడైతే తూకం 800 గ్రాములు దాటుతుంది. మీరు కిలో డబ్బు కట్టి అరకిలో పంపుతున్నారు. గాజు సీసా చూడముచ్చటగా ఉంటుంది, కాదనం. కానీ పోస్టులో పోయే సరుకుకు మూడు పొరల నిలబడే పౌచ్ మేలు. 400 గ్రాముల పౌచ్‌లు రెండు చిన్న పెట్టెలో పెడితే కిలోలోపే ఉంటుంది, ఒకే కొరియర్ ఖర్చుకు రెండు అమ్ముడవుతాయి. పెట్టె కొలతా చూసుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5,000తో భాగిస్తే వచ్చే కిలోలు, అసలు తూకం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 30×25×15 పెట్టె అయితే లోపల ఏమున్నా 2.25 కిలోలు. 20×15×12 పెట్టెకు 0.72 మాత్రమే. కొన్ని సంస్థలు 5,000 బదులు 4,000తో భాగిస్తాయి. ఒప్పందం కాగితంలో ఆ అంకె వెతకండి.

పౌచ్ కారడానికి కారణం చాలాసార్లు పౌచ్ కాదు, సీలు వేసేచోట అంటిన నూనె. నూనె పొర ఉంటే ప్లాస్టిక్ రెండు వైపులా కరిగి అతుక్కోదు. పైకి అతికినట్టే కనబడి, లారీ వేడికి విడిపోతుంది. వెడల్పు మూతి గరాటుతో నింపండి. అంచు లోపలివైపు పొడిగుడ్డతో తుడవండి. ఒకటి కాదు, రెండు గీతల సీలు వేయండి. వేడికి నూనె వ్యాకోచిస్తుంది కాబట్టి పైన రెండు వేళ్ల ఖాళీ వదలండి. ప్రతి వాయిలోంచి ఒక పౌచ్‌ను న్యూస్‌పేపర్ మీద తలకిందులుగా రాత్రంతా ఉంచండి. పొద్దున కాగితం మీద మరక ఉంటే ఆ వాయి మొత్తం మళ్లీ సీలు చేయాల్సిందే.

లేబులు మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, శాకాహార గుర్తు, ఎక్కువ వాడినది ముందుగా పదార్థాల వరస, నికర బరువు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, అన్ని పన్నులతో ధర, మీ చిరునామా ఉండాలి. సరుకు కొనేవారికి చేరేనాటికి గడువులో 30 శాతం లేదా 45 రోజులు మిగిలి ఉండాలని 2024 నవంబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆన్‌లైన్ వేదికలకు చెప్పింది. రెండు నెలలే నిలిచే కరివేపాకు పొడిని నెలన్నర ముందు చేసి పెట్టుకుంటే అందుకే చిక్కు. ఆర్డర్లు చూసుకుని వారానికొక వాయి చేయండి.

ప్రశ్న: మాది చిత్తూరు. ఏడాదికి అమ్మకం 9 లక్షలు దాటదు. 40 లక్షల లోపు జీఎస్టీ అక్కర్లేదని అందరూ అంటారు. కానీ వేలూరు, బెంగళూరు నుంచి కూడా ఆర్డర్లు వస్తున్నాయి. రిజిస్టర్ కావాలా?

జవాబు: కావాలి. సరుకు అమ్మేవారికి 40 లక్షల పరిమితి రాష్ట్రం లోపలి అమ్మకానికే. వేలూరు మీకు గంట ప్రయాణమే కావచ్చు, పన్ను లెక్కలో అది పొరుగు రాష్ట్రం. సరుకు రాష్ట్రం దాటితే అమ్మకం ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటిఫై చేసిన కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపు ఉంది. మీ వస్తువు ఆ జాబితాలో పేరుతో సహా ఉందో లేదో అకౌంటెంటు చేత చూపించుకోండి. ఆంధ్రప్రదేశ్ లోపలే ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్మేవారికి మాత్రం 2023 అక్టోబరు 1 నుంచి, పరిమితిలోపు ఉంటే, పూర్తి రిజిస్ట్రేషన్ లేకుండా నమోదు నంబరుతో అమ్మే వీలుంది.

పని తేలికని కాంపొజిషన్ పథకం (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) తీసుకోకండి. అందులో ఉన్నవారు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. సరిహద్దు జిల్లాలో ఉన్నవారికి అది కాళ్లకు బంధం.

మరో మాట. వేదికలు మీ అమ్మకం మీద 0.5 శాతం టీసీఎస్ (అమ్మకం దగ్గరే పట్టే పన్ను) పట్టుకుంటాయి (2024 జులై 10కి ముందు 1 శాతం ఉండేది). అది మీ డబ్బే. నెలనెలా జీఎస్టీ పోర్టల్లో అంగీకరిస్తే మీ క్యాష్ లెడ్జర్‌లో పడుతుంది. అడగక వదిలేసేవారు ఎందరో. ఊరగాయలు అమ్మేవారు ఇంకొకటి చూసుకోండి: 2025 సెప్టెంబరు 22 నుంచి వాటి మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. వేదికలో మీ సరుకుకు పాత రేటే నమోదై ఉంటే వెంటనే మార్చండి.

ప్రశ్న: శ్రీకాళహస్తి కలంకారీ చీరలు, దుపట్టాలు, గోడకు వేలాడదీసే బొమ్మలు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతాం. సగం కొనుగోళ్లు అమెరికాలోని తెలుగువారివే. ఇప్పుడు వాళ్లు సుంకం అడిగారని పార్సెల్ తీసుకోవడం లేదు. ఇక్కడేమో మిషన్ ప్రింటు వేసి కలంకారీ అని 600కు అమ్మేస్తున్నారు. ఏ దారి పట్టాలి?

జవాబు: అమెరికాకు 800 డాలర్లలోపు పార్సెళ్లు సుంకం లేకుండా పోయే వెసులుబాటు 2025 ఆగస్టు 29తో పోయింది. ఆ రోజుల్లో తపాలా శాఖ కూడా అమెరికా పార్సెళ్లు ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు సుంకాన్ని పంపేవారే ముందుగా కట్టే పద్ధతి ఉంది. మీరు దానికే మారండి. గుమ్మం దగ్గర ఊహించని బిల్లు చూసి వెనక్కి పంపేవారు, అదే మొత్తం ధరలో కలిపి చెబితే చాలావరకు కొంటారు. సుంకం రేటు తరచూ మారుతోంది. అందుకని ధరల పట్టికలో దాన్ని అచ్చువేయకండి, బుకింగ్ రోజు అడిగి ఆ రోజు లెక్క చెప్పండి. 1,500 రూపాయల దుపట్టాకు విదేశీ తపాలా, సుంకం కలిస్తే అసలు ధరను మించిపోవచ్చు. విదేశాలకు 5,000 దాటిన చీరలు, పెద్ద బొమ్మలు మాత్రమే ఉంచండి. లేదంటే అక్కడ ఒకే ఊళ్లో ఉన్న నలుగురైదుగురి ఆర్డర్లు కలిపి ఒక పార్సెల్ చేయండి.

పార్సెల్ మీద ‘గిఫ్ట్’ అని రాయొద్దు. విలువ తగ్గించి రాయొద్దు. పట్టుబడితే సరుకు ఆగిపోతుంది, పోయినా రాసిన విలువకే పరిహారం. ఎగుమతి కోడ్ తీసుకోండి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ పోర్టల్లో పాన్, బ్యాంకు ఖాతాతో 500 రూపాయల రుసుముకు వస్తుంది. తపాలా శాఖ ఎగుమతి కేంద్రాలైన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల ద్వారా పోస్టల్ ఎగుమతి బిల్లు ఆన్‌లైన్లోనే వేయొచ్చు.

మిషన్ ప్రింటుతో ధరలో పోటీపడలేరు, పడకూడదు కూడా. కలంతో గీసిన పనికి తేడా కళ్లకు కట్టించాలి. కోరా గుడ్డను కరక్కాయ, పాలలో తడపడం, ఇనుప ముక్కలు బెల్లంలో ఊరబెట్టిన నల్లరంగు, పటిక దిద్దడం, ఉతుకు: ప్రతి దశా 20 సెకన్ల వీడియో తీసి, అది కొనే చీరకే సంబంధించినదై ఉండేలా చీర నంబరుతో పెట్టుకోండి. ఆర్డర్‌తో పాటు ఆ వీడియో పంపండి. గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉండటం లోపం కాదని, కలం గుర్తని రాయండి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక సూచిక (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు దక్కే రక్షణ) ఉంది. ఆ గుర్తు వాడుకోవాలంటే అధీకృత వాడుకదారుగా విడిగా నమోదు కావాలి. భౌగోళిక సూచికల రిజిస్ట్రీ కార్యాలయం చెన్నైలోనే ఉంది, మీకు దగ్గరే.

ఫోటోల విషయంలో గట్టిగా చెబుతున్నాం. ఏఐతో చీరను మోడల్‌కు కట్టించిన బొమ్మలు ఇప్పుడు అందరూ వాడుతున్నారు. అవి చీర అంచును, దాని మీది బొమ్మల ముఖాలను తమకు తోచినట్టు మార్చేస్తాయి. కొన్నవారికి వచ్చేది వేరే చీర అవుతుంది, రిటర్న్ మీ నెత్తిన పడుతుంది. వర్ణన రాయడానికి, ఇంగ్లీషు, తమిళంలోకి మార్చడానికి ఏఐని వాడుకోండి. చీర ఫోటో మాత్రం ఉదయం తొమ్మిది లోపు నీడపట్టున, పక్కన తెల్లకాగితం ఒకటి పెట్టి తీయండి. ఆ కాగితం ఫోనులో తెల్లగా కనబడేలా సరిచేస్తే చీర రంగు కూడా సరిగ్గా వస్తుంది.

ప్రశ్న: పూజాసామగ్రి అమ్ముతాను. ఎవరో 1,850 రూపాయలు యూపీఐలో పంపి సరుకు తీసుకున్నారు. నెల తర్వాత నా ఖాతా స్తంభించింది. వేరే రాష్ట్రం పోలీసుల ఫిర్యాదు అంటున్నారు. నేనేం తప్పు చేశాను?
(ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: మీరు తప్పు చేయలేదు. ఎక్కడో మోసపోయినవారు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే, ఆ డబ్బు ఏయే ఖాతాల గుండా పోయిందో ఆ ఖాతాలన్నిటికీ తాకీదు వెళుతుంది. మీకు చెల్లించినవారి డబ్బు ఆ గొలుసులోది అయివుంటుంది. బ్యాంకుకు వెళ్లి లిఖితంగా అడగాల్సినవి: ఫిర్యాదు నంబరు, ఏ పోలీసు స్టేషన్, ఎంత మొత్తం వివాదంలో ఉంది. ఆ మొత్తం వరకే నిలిపి మిగతా ఖాతా తెరవమని అదే లేఖలో కోరండి. తర్వాత ఆ స్టేషన్ అధికారికి బిల్లు, కొరియర్ రసీదు, చేరినట్టు రుజువు, కొన్నవారితో జరిగిన చాట్, మీ పాన్, ఖాతా స్టేట్‌మెంటు పంపండి. ‘డబ్బులిస్తే తెరిపిస్తాం’ అని ఫోన్ చేసేవారిని దగ్గరికి రానివ్వకండి.

ఇకమీదట వ్యాపారానికి వేరే ఖాతా పెట్టుకోండి. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు డబ్బు దానిలో ఉండకూడదు. ప్రతి అమ్మకానికీ బిల్లు వేయండి, 1,850 అయినా సరే. ‘ఎక్కువ పంపేశాను, మిగతాది ఈ నంబరుకు తిప్పి పంపండి’ అంటే పంపకండి. వచ్చిన ఖాతాకే బ్యాంకు ద్వారా వెనక్కి పంపండి.

ప్రశ్న: వాట్సాప్‌లో 900 మంది కస్టమర్లున్నారు. అందరికీ ఒకేసారి కొత్త సరుకు ఫోటోలు పంపితే నంబరు నిలిపేశారు. ఇన్‌స్టా పేజీ మీద కూడా భయం పట్టుకుంది.

జవాబు: బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు. వారిలోనూ మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే సందేశం చేరుతుంది. ఫార్వర్డ్ మీద ఫార్వర్డ్ కొడితే, విసిగినవారు రిపోర్టు చేస్తే నంబరు పోతుంది. యాప్‌లోంచే అప్పీలు పెట్టండి. పెద్దమొత్తంలో పంపాలంటే వాట్సాప్ వ్యాపార ఏపీఐ (ఎక్కువమందికి పంపడానికి ఉన్న చెల్లింపు సేవ) ఉంది. 2025 జులై 1 నుంచి అందులో టెంప్లేట్ (ముందే ఆమోదం పొందిన నమూనా) సందేశానికి ఇంత అని పడుతుంది. కస్టమరే ముందు పలకరిస్తే 24 గంటల్లో మీరిచ్చే జవాబుకు రుసుము లేదు. కాబట్టి పార్సెల్‌లో చిన్న చీటీ పెట్టి, వాళ్లే మీకు ‘హలో’ పంపేలా చూడండి.

నంబరు తిరిగి వచ్చినా రాకపోయినా ఈ రాత్రే చేయాల్సింది: పేరు, ఫోను, పిన్‌కోడ్, ఏం కొన్నారు, ఎప్పుడు, సందేశాలు పంపమన్నారా లేదా, ఈ ఆరు గడులతో ఒక షీటు. ఆదివారం ఆదివారం దాని నకలు వేరేచోట దాచండి. రెండంచెల తాళం (టూ-స్టెప్ వెరిఫికేషన్) వాట్సాప్‌కూ, ఇన్‌స్టాకూ, వాటికి ముడిపడ్డ ఈమెయిల్‌కూ పెట్టండి. ఈమెయిల్ వదిలేస్తే మిగతా రెండూ తెరిచిపెట్టినట్టే.

ప్రశ్న: తిరుపతి లడ్డూ, ఎర్రచందనం మాలలు ఆన్‌లైన్లో పెడితే బాగా పోతాయంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: రెండూ వద్దు. తిరుపతి లడ్డూ పేరుకు 2009 నుంచి భౌగోళిక సూచిక రక్షణ ఉంది, ఆ హక్కు తిరుమల తిరుపతి దేవస్థానానిది. మీ ఇంట్లో చేసింది ఎంత రుచిగా ఉన్నా ఆ పేరు పెట్టి అమ్మకూడదు. బూందీ లడ్డూ అని అమ్ముకోండి. ఎర్రచందనం అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందంలోని రెండో అనుబంధంలో ఉంది. కాగితాలు లేని చిన్న ముక్క పార్సెల్‌లో దొరికినా కేసే. చెక్క సరుకే కావాలనుకుంటే ఏర్పేడు దగ్గరి మాధవమాల శిల్పుల దేవతా విగ్రహాలు చూడండి. ఏ కర్రతో చేశారో బిల్లు మీద రాయించుకుని తెచ్చుకోండి.