కొత్త రన్నింగ్ షూని కంపెనీలు ఎలా లాంచ్ చేస్తాయి?

ముందు పేరున్న రన్నర్ కాళ్లకు తొడిగి పెద్ద రేసులో దింపుతాయి. యాడ్ పని సగం అక్కడే అయిపోతుంది. అడిడాస్ 2023 సెప్టెంబరులో తెచ్చిన అడియోస్ ప్రో ఎవో 1నే చూడండి: బరువు 138 గ్రాములు, ధర 500 డాలర్లు, తొలి విడతలో 521 జతలే. పైగా ఒక్క మారథాన్ కోసమే చేశామని కంపెనీయే చెప్పుకుంది! అదే నెల బెర్లిన్‌లో ఇథియోపియా రన్నర్ టిగిస్ట్ అసెఫా ఈ షూతోనే మారథాన్ పరిగెత్తి, 2:11:53తో మహిళల ప్రపంచ రికార్డు కొట్టి, షూ విప్పి పైకెత్తి చూపించింది. అంతకుమించిన ప్రచారం ఏముంటుంది?

నైకీ అయితే 2017లో ‘వేపర్‌ఫ్లై 4%’ అని పరిగెత్తేటప్పుడు శక్తి ఖర్చు సుమారు 4 శాతం తగ్గుతుందన్న ల్యాబ్ లెక్కనే పేరులో పెట్టేసింది. నా ఉద్దేశంలో ఇలాంటి ఖరీదైన మోడల్ ఎర మాత్రమే, అసలు అమ్మకాలు మామూలు ట్రైనింగ్ షూలవే.