జవాబు దొరికాక కూడా ఉండిపోయేవాళ్లు

చి. చిన్నుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. "ఏఐని అడిగితే నిమిషంలో చెప్పేస్తోంది, ఇక డెవలపర్ కమ్యూనిటీల్లో చేరడం టైమ్ వేస్ట్ కదా పెద్దమ్మా" అన్నావు. ఫోన్‌లో అయితే రెండు ముక్కలు చెప్పి ఊరుకునేదాన్ని. మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలు కూడా ఇదే మాట అంటున్నారు కాబట్టి కాస్త తీరిగ్గా రాస్తున్నా.

నువ్వన్నదాంట్లో నిజం ఉంది. ప్రోగ్రామర్లు ఒకరి ప్రశ్నలకి ఒకరు జవాబులు చెప్పుకునే సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో మొదలైంది. ఎర్రర్ మెసేజ్‌ని గూగుల్‌లో కొట్టడం, పచ్చ టిక్కు ఉన్న జవాబు వెతకడం, కాపీ చేసుకోవడం. ఓ తరం మొత్తం అలాగే పని నేర్చుకుంది. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక అక్కడ కొత్త ప్రశ్నలు బాగా పడిపోయాయి. జవాబు కోసమే వెళ్లేవాళ్లకి ఇక వెళ్లే అవసరం తగ్గింది. కానీ ఆ డిసెంబర్‌లోనే, చాట్‌జీపీటీతో రాయించిన జవాబులు ఇక్కడ పెట్టొద్దని స్టాక్ ఓవర్‌ఫ్లో ఆపేసింది. చూడ్డానికి సరిగ్గానే ఉండి, వాడి చూస్తే తప్పని తేలే జవాబులు కుప్పలుగా వచ్చిపడ్డాయి మరి. వాటిని తప్పని పట్టుకున్నది ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉంటున్న మనుషులు. కాబట్టి జనం ఎందుకు చేరతారన్నది పెద్ద విషయం కాదు, పని అయిపోయాక కూడా కొందరు ఎందుకు ఉండిపోతారన్నదే చూడాలి.

చేరేటప్పుడు అందరూ సొంత అవసరంతోనే చేరతారు. అందులో తప్పేం లేదు. నేను అమీర్‌పేటలో కోర్సు చేసిన రోజుల్లో మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో ఫలానా సార్ జావా నోట్స్ అని అమ్మేవారు. ఎస్సార్ నగర్ హాస్టల్లో ఎవరైనా ఇంటర్వ్యూకి వెళ్లొస్తే, ఆ అమ్మాయి చెప్పులు విప్పకముందే చుట్టూ మూగి ఏమేం అడిగారో రాసుకునేవాళ్లం. ఉద్యోగం రాగానే ఎవరి దారిన వాళ్లు హాస్టల్ ఖాళీ చేసేవారు. ఒకరిద్దరు మాత్రం ఉద్యోగం వచ్చాక కూడా ఆదివారాలు వచ్చి మాకు జావాని డేటాబేస్‌తో కలిపే జేడీబీసీ చెప్పి వెళ్లేవారు. వీళ్లకి వేరే పని లేదా అనుకునేవాళ్లం.

తర్వాత ఓ పరిశోధన చదివితే ఆ సంగతి అర్థమైంది. కరీం లఖానీ, ఎరిక్ వాన్ హిప్పెల్ అని ఇద్దరు, వెబ్‌సైట్లని నడిపే అపాచీ వెబ్ సర్వర్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఇంటర్నెట్‌లో ఉచితంగా సాయం చేసేవాళ్ల సంగతేమిటో చూసి 2003లో ఓ వ్యాసం రాశారు. పైసా రాదు, వీళ్లెందుకు చెబుతున్నారు? తేలిందేమిటంటే, సాయం చేసేవాళ్ల శ్రమలో 98 శాతం వాళ్లకే నేరుగా నేర్చుకోవడానికి పనికొస్తోంది. వాళ్లు అక్కడ ఎక్కువసేపు చేసేది ఇతరుల ప్రశ్నలు, జవాబులు చదవడం. ఆ చదువుతున్నప్పుడు తమకు ముందే తెలిసింది ఎదురైతే నాలుగు ముక్కలు రాసి పోతారు. జవాబు రాయడానికి పట్టేది కొద్ది నిమిషాలే. 2005లో అదే లఖానీ, రాబర్ట్ వుల్ఫ్ అనే ఆయనతో కలిసి 287 ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టుల్లో పనిచేసే 684 మందిని అడిగాడు. ఆ పనిలో తమ బుర్రకి పని తగులుతోందన్న సంతోషమే అన్నిటికంటే బలమైన కారణంగా తేలింది. త్యాగం, సేవ అని మనం పెద్ద మాటలు వాడతాం కానీ, అసలు సంగతి అంత గంభీరమైనదేం కాదు.

నీ ఆఫీసులో నీకు వచ్చే సమస్యలు నీ ప్రాజెక్టు ఎంత ఉంటే అంతే ఉంటాయి. బ్యాంకింగ్ ప్రాజెక్టులో ఐదేళ్లు ఉంటే బ్యాంకింగ్ తిప్పలే తెలుస్తాయి. బయట రోజుకో పది మంది సమస్యలు చదివేవాడికి, తన దాకా రాని తప్పులు కూడా ముందే పరిచయం అవుతాయి. ఏఐ నువ్వు అడిగినదానికి చెబుతుంది. నీకు అడగాలని తోచనిది ఎవరో ఒకడు అడగడం చూస్తేనే తెలుస్తుంది. నేను ఇన్నేళ్లుగా కమ్యూనిటీల్లో ఉండిపోయింది ఇందుకే.

ఇనాముల కోసం వచ్చేవాళ్లూ ఉంటారు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి సాయం చేయమని అక్టోబర్‌లో జరిపే హాక్టోబర్‌ఫెస్ట్ నీకు తెలుసుగా, 2014లో మొదలైంది. నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే నా మార్పు మీ ప్రాజెక్టులో చేర్చుకోండి అనే వినతులు, పెడితే టీషర్టు వచ్చేది. 2020లో చాలామంది టీషర్టు కోసం, ఎవరి ప్రాజెక్టు దొరికితే వాళ్ల ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్‌లో ఓ మాట చేర్చి పంపేశారు. వాళ్లలో మన దేశం పిల్లలు బాగానే ఉన్నారు. ఆ ప్రాజెక్టులు చూసుకునే మెయింటెయినర్లు తల పట్టుకున్నారు. చివరికి, పాల్గొంటామని ఒప్పుకున్న ప్రాజెక్టులే ఇందులో లెక్క అని నిర్వాహకులు రూల్ మార్చారు. ఆ వచ్చినవాళ్లలో ఎంతమంది నవంబర్‌లో మళ్లీ కనిపించి ఉంటారంటావు? రెజ్యూమె కోసం చేరినా ఇంతే. అయితే ఉద్యోగం కోసం చేరడమే తప్పని నేననను. నేనూ ఇంటర్వ్యూలు చేస్తాను. కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో, పని చేసిన రోజుల్ని చూపే ఆకుపచ్చ గళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టను. ఎవరైనా "ఇది ఇలా కాదు" అని రివ్యూలో రాస్తే ఆ పిల్లాడు ఏమని బదులిచ్చాడో చదువుతాను. దాంట్లో మనిషి తెలిసిపోతాడు.

ఇక నువ్వు ఎలా మొదలుపెట్టాలో చెబుతా. ముందు ఓ నెల ఊరికే చదువు. నువ్వు రోజూ వాడే లైబ్రరీ, అదే వేరేవాళ్లు రాసి పెట్టిన కోడ్, ఒకటి తీసుకో, దాని ఇష్యూల పేజీ (వాడేవాళ్లు సమస్యలు రాసే చోటు), చర్చలు చూడు. ఎవరు ఓపిగ్గా చెబుతారు, ఎవరు కసురుతారు, ఏ ప్రశ్న ఎన్నిసార్లు వస్తోంది, అన్నీ తెలుస్తాయి. కసిరేవాళ్లే ఎక్కువుంటే అక్కడ చేరకు. పేరున్న చోటైనా సరే. 2018లో స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థే, తమ దగ్గర కొత్తవాళ్లకి, ఆడవాళ్లకి సరైన ఆదరణ దొరకడం లేదని బహిరంగంగా ఒప్పుకుంది. మా తరం ఆడవాళ్లం ఆ కసురు భరించి నిలబడ్డాం. మీరూ భరించాలని నేను చెప్పను.

తర్వాత ప్రశ్న అడగడం. మొన్న మా టీమ్‌లో ఓ అబ్బాయి "సేల్స్ రిపోర్టులో డేట్ తప్పు వస్తోంది, అర్జెంట్, ప్లీజ్ హెల్ప్" అని రాసి కింద ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో పెట్టాడు. సాయంత్రం దాకా ఎవరూ పలకలేదు. దాన్ని తీసేయించి ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. వంద వరుసల కోడ్‌ని పది వరుసలకి తగ్గించాం. డేటా మొత్తం తీసేసి రెండే ఆర్డర్లు ఉంచాం, ఒకటి మధ్యాహ్నం 2 గంటలది, ఒకటి అర్ధరాత్రి దాటాక 2 గంటలది. ఏం రావాలి, ఏం వస్తోంది అని పక్కపక్కన రాశాం. మధ్యాహ్నం ఆర్డర్ సరిగ్గా ఉంది, రాత్రిది ముందురోజులో పడుతోంది. అక్కడికొచ్చేసరికి వాడే "అయ్యో, సర్వర్ యూటీసీలో ఉంది" అన్నాడు. యూటీసీ అంటే ప్రపంచ ప్రామాణిక సమయం, మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక కాబట్టి, రాత్రి 2 గంటల ఆర్డర్ అక్కడ ముందురోజు రాత్రి 8.30 అవుతుంది. ఉదయం ఐదున్నర లోపు వచ్చిన ప్రతి ఆర్డరూ అలాగే జారిపోతోంది. ప్రశ్న పెట్టే అవసరమే రాలేదు. ప్రశ్నని పద్ధతిగా రాస్తే సగం సార్లు ఇలాగే అవుతుంది. మిగతా సగం సార్లు, చదివేవాళ్లకి నీ మీద గౌరవం కలుగుతుంది. ఎర్రర్‌ని మాత్రం ఎప్పుడూ టెక్స్ట్‌గానే పెట్టు, ఫొటోలో వెతకడానికి కుదరదు. జవాబు దొరికితే ఏది పనిచేసిందో అక్కడే రాసి రా. "సాల్వ్డ్, థాంక్స్" అని మాయమయ్యేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

మొదటి కాంట్రిబ్యూషన్ గొప్ప కోడే అయ్యుండాలని ఆగిపోకు. చాలా ప్రాజెక్టుల్లో "గుడ్ ఫస్ట్ ఇష్యూ" అని కొత్తవాళ్ల కోసం పక్కన పెట్టి ఉంచుతారు. అవీ వద్దు అంటే, ఇన్‌స్టలేషన్ సూచనల్ని తు.చ. తప్పకుండా పాటిస్తూ నీ విండోస్ లాప్‌టాప్‌లో చేసి చూడు. ఎక్కడో ఆగిపోతుంది. యూజర్ ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే పాత్ (ఫైల్ చిరునామా) చుట్టూ కోట్స్ పెట్టని స్క్రిప్టులు సగంలోనే పడిపోతాయి. ఆ ప్రాజెక్టు నడిపేవాళ్లు లైనక్స్ వాడేవాళ్లైతే వాళ్లకి ఆ తిప్ప కనిపించదు, నీకు మొదటి రోజే కనిపిస్తుంది.

నీకు తెలుగు వచ్చు, అదీ చిన్న విషయం కాదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం మధ్యలో కంటికి కనిపించని ఓ గుర్తుతో మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యేవి. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. ఈలోపు ఒక ప్రోగ్రామర్ దాన్ని విడదీసి చూసి, తెలుగు ఒక్కటే కాదు, దేవనాగరి, బెంగాలీ సంయుక్తాక్షరాలతో కూడా ఇదే గొడవ అని వివరంగా రాసి అందరి ముందూ పెట్టాడు. ఇలాంటివి ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్లు అక్షరాలకి వాడే యూనికోడ్ లెక్కలో ఆరు. పేరుని పది క్యారెక్టర్లకి కత్తిరించే కోడ్ ఎక్కడున్నా మన పేర్లు గుణింతం మధ్యలో తెగుతాయి. బెర్లిన్‌లో కూర్చున్న మెయింటెయినర్‌కి అది తెగిందని కూడా తెలీదు. నువ్వు చెబితే వింటాడు. ఇటువైపు ఆసక్తి పుడితే గచ్చిబౌలిలో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు తెలుగులో సాఫ్ట్‌వేర్ కోసం చాలాకాలంగా పనిచేస్తున్నారు, వెళ్లి కలువు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నా. ఆఫీసు కోడ్, లాగ్స్, కస్టమర్ పేర్లు బయట ఎక్కడా పెట్టకు, చాట్‌బాట్‌లో కూడా. పాస్‌వర్డ్, ఏపీఐ కీ (ఆన్‌లైన్ సర్వీసు వాడటానికి ఇచ్చే రహస్య కోడ్) పొరపాటున పబ్లిక్‌లోకి వెళ్తే, వాటి కోసమే తిరిగే బాట్లు నిమిషాల్లో పట్టేస్తాయి. తర్వాత నువ్వు డిలీట్ చేసినా లాభం లేదు, ఆ కీనే మార్చాలి. ఆఫర్ లెటర్‌తో పాటు సంతకం పెట్టిన కాగితాలు ఓసారి తీసి చదువు. సొంతంగా రాసిన కోడ్ మీద కూడా కంపెనీకి హక్కు ఉంటుందని కొన్నిట్లో రాసి ఉంటుంది. హెచ్‌ఆర్‌ని ఓ మెయిల్ పెట్టి అడిగితే పోయేదేముంది.

చేరాక కొన్నాళ్లకి విసుగొస్తుంది. అడిగేవాళ్లే తప్ప చేసేవాళ్లు ఉండరు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ సంగతి చదువు. దాన్ని ఏళ్ల తరబడి ఒకాయన దాదాపు ఒక్కడే చూసుకుంటూ అలిసిపోయాడు. పైగా కొత్త వెర్షన్ ఎప్పుడు అని జనం సతాయింపు. సాయం చేస్తానని వచ్చిన ఒకరు రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ వేరే ఏదో పరీక్ష చేసుకుంటూ, దూరంగా ఉన్న సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని తవ్వితే అది బయటపడింది. వాడుకునే కోట్లమందిలో ఒక్కరికి ఆ అర సెకను అనుమానం వచ్చింది. ఇదంతా విని భయపడకు. అలిసిపోయినప్పుడు "ఈ నెల నాకు కుదరదు" అని చెప్పి పక్కకి తప్పుకోవడం నేర్చుకో అంటున్నా. అలా చెప్పి వెళ్లినవాళ్లే మళ్లీ వస్తారు.

ఆన్‌లైన్‌లో పేర్లు మాత్రమే తెలిసినవాళ్లని ఎదురుగా కలవడానికి హైదరాబాద్ కంటే మంచి ఊరు ఏముంటుంది? హైడ్‌పై అనే బృందం వాళ్ల పైథాన్ మీటప్‌లు ఉన్నాయి. పైథాన్ వాడేవాళ్ల సదస్సు పైకాన్ ఇండియా కూడా 2018లో, 2023లో మన ఊళ్లోనే జరిగింది. శనివారం మాదాపూర్‌లోనో రాయదుర్గంలోనో ఏదో ఆఫీసులో మీటప్ ఉంటుంది, మెట్రో దిగి వెళ్లిపోవచ్చు. స్లైడ్లు తర్వాత ఇంట్లో చూసుకోవచ్చు కానీ, అయ్యాక కింద పార్కింగ్‌లో బండి మీద హెల్మెట్ పెట్టి మాట్లాడుకునే అరగంట వదులుకోకు. నువ్వు ఆన్‌లైన్‌లో ఎవరికైనా ఓ జవాబిచ్చి ఉంటే అక్కడ నిన్ను గుర్తుపడతారు. "ఓహో, ఆ జవాబు రాసింది నువ్వేనా" అని ఒక్కరన్నా చాలు, మళ్లీ శనివారం నిన్ను ఎవరూ పిలవక్కర్లేదు.

ఆదివారం అమ్మతో వస్తానన్నావు కదా. నువ్వు వాడే ఆ చార్టుల లైబ్రరీలో ఈ నెల వచ్చిన ఇష్యూలు కొన్ని ముందే చదువుకుని రా, వాటిలో నీకు జవాబు తెలిసినవి ఏవో చూసి పెట్టుకో. భోజనాలయ్యాక కూర్చుందాం. లాప్‌టాప్ తెచ్చుకో, ఆఫీసుది కాదు, నీ సొంతది.

ఇట్లు,
మీ పెద్దమ్మ