ఒకే ఫొటో, నాలుగు ఏజెన్సీలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఫొటోలను స్టాక్ ఏజెన్సీల (ఫొటోలను వాడుకునే హక్కును ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే సంస్థల) ద్వారా అమ్ముకోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లోంచి ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలు తీసుకున్నాం. ఒకే సంగతి ఇద్దరు ముగ్గురు అడిగిన చోట ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: షట్టర్‌స్టాక్, అడోబ్ స్టాక్, ఐస్టాక్, ఆలమీ... ఇన్ని ఉన్నాయి. ఒకే ఫొటోను అన్నిట్లోనూ పెట్టొచ్చా, లేక ఒకదాన్నే ఎంచుకోవాలా? దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు: ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం (ఒక్క ఏజెన్సీకే ఇస్తానన్న ఒప్పందం) చేసుకోనంతవరకు ఒకే ఫొటోను ఎన్ని ఏజెన్సీల్లోనైనా పెట్టుకోవచ్చు. ఏజెన్సీ మీ ఫొటోను కొనేయదు. వాడుకునే హక్కును మీ తరఫున అమ్మిపెడుతుంది, అంతే. కాపీరైట్ మీ దగ్గరే ఉంటుంది.

ముందు అడోబ్ స్టాక్, షట్టర్‌స్టాక్ రెండింటిలో పెట్టండి. రెండూ తమ తమ ఇన్‌స్పెక్టర్లతో పరీక్ష చేయిస్తాయి. ఒకరు వెనక్కి పంపింది ఇంకొకరు తీసుకోవడం మామూలే. కానీ రెండుచోట్లా ఒకే కారణంతో వెనక్కొస్తే మాత్రం ఆ లోపం నిజంగా ఉన్నట్టే. ఒక యాభై ఫొటోలు నిలబడ్డాక ఐస్టాక్, ఆలమీలకు వెళ్లండి. ఆలమీ మీరు పంపిన కట్టలోంచి కొన్నిటినే తీసి చూస్తుంది. వాటిలో ఒక్కటి తప్పినా కట్ట మొత్తం వెనక్కొస్తుంది. అందుకే చెయ్యి తిరిగాక వెళ్లమనడం.

నాలుగు చోట్లకు పంపడమంటే నాలుగింతల పని కాదు. టైటిల్, వివరణ, కీవర్డ్‌లు ఫొటో ఫైలులోనే ఐపీటీసీ మెటాడేటాగా (ఫైలుతోపాటే వెళ్లే సమాచారంగా) ఒకసారి రాసిపెట్టండి. ఏ ఏజెన్సీకి అప్‌లోడ్ చేసినా అవే వాటంతటవే నిండుతాయి. వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఒక్కో ఫొటోకు టైప్ చేసేవాళ్లు రెండో ఏజెన్సీ దగ్గరే విసిగిపోతారు.

ప్రశ్న: అడోబ్ 33 శాతం ఇస్తుంటే 15 శాతం ఇచ్చే చోట ఎందుకు పెట్టాలి?

జవాబు: శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. దేని మీద శాతమో కూడా చూడాలి.

అడోబ్ స్టాక్ ఫొటోలకు 33, వీడియోలకు 35 శాతం ఇస్తుంది. ఎక్స్‌క్లూజివ్ కానివాళ్లకు ఐస్టాక్ ఇచ్చేది 15. షట్టర్‌స్టాక్ 2020 జూన్‌లో మెట్ల పద్ధతి తెచ్చింది. ఏడాదిలో మొదటి 100 డౌన్‌లోడ్‌ల వరకు 15 శాతం, 250 దాకా 20, 500 దాకా 25, 2,500 దాకా 30, 25,000 దాకా 35, ఆ పైన 40. జనవరి 1 రాగానే అందరూ మళ్లీ మొదటి మెట్టుకే. అంటే ఏడాదికి మూడు వందలు అమ్మేవాళ్లకు ఆ 25 శాతం చేతికొచ్చేది చివరి యాభై అమ్మకాలకే. కొత్తవాళ్లు ఈ ఒక్క సంగతి తెలియక ఫిబ్రవరిలో లెక్క చూసుకుని దిగాలు పడతారు.

పెద్ద సబ్‌స్క్రిప్షన్ తీసుకున్న కొనుగోలుదారుకు ఒక్కో ఫొటో 30 సెంట్లు పడిందనుకుందాం. దాంట్లో 15 శాతమంటే నాలుగున్నర సెంట్లు. షట్టర్‌స్టాక్‌లో కనీసం 10 సెంట్లన్న నియమం ఉంది కాబట్టి పది వస్తాయి. అదే ఫొటోను ఇంకొకరు విడిగా పది డాలర్లకు కొంటే అదే 15 శాతానికి డాలరున్నర. ఆలమీలో అమ్మకాలు చాలా తక్కువ, కానీ ఒక్కో అమ్మకం విలువ పెద్దది. అక్కడ ఎక్స్‌క్లూజివ్ కాని ఫొటోకు 40 శాతం. ఏడాది అమ్మకాలు మొత్తం 250 డాలర్లకు చేరకపోతే అది 20కి పడిపోతుంది.

కాబట్టి నెలాఖరున ఒక పట్టిక రాసుకోండి: ఆ ఏజెన్సీలో ఉన్న ఫొటోలు ఎన్ని, ఆ నెల వచ్చిన డబ్బు ఎంత, ఒక్కో ఫొటోకు సగటు ఎంత. ఐస్టాక్ లెక్క తరువాతి నెలలో గాని రాదు, దాన్ని పాత నెలలోనే కలపండి. ఆరు నెలల పట్టిక చూస్తే ఏ ఏజెన్సీకి మీ సమయం ఇవ్వాలో తెలుస్తుంది. ఒక నెల చూసి నిర్ణయించుకోవద్దు. కొత్త ఫొటో వెతుకులాటలో పైకి రావడానికి నెలలు పడుతుంది.

ప్రశ్న: పది పంపితే ఏడు వెనక్కొచ్చాయి. "ఫోకస్", "నాయిస్", "టెక్నికల్" అని ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. నా స్క్రీన్ మీద మాత్రం చక్కగా ఉన్నాయి.

జవాబు: స్క్రీన్‌కు సరిపడేలా కుదించి చూస్తే ఏ ఫొటో అయినా చక్కగానే ఉంటుంది. ఇన్‌స్పెక్టరు చూసేది 100 శాతం జూమ్‌లో. మీరూ అలాగే, పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టి వరసగా కింది కుడి మూల దాకా చూడండి. ఒక్కో ఫొటోకు రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు పెట్టకుండా పంపడం దండగ.

మనిషి ఉంటే దగ్గరగా ఉన్న కన్ను చూడండి. రెప్ప వెంట్రుకలు విడివిడిగా కనపడాలి. ఫోకస్ ముక్కు మీదో చెవి మీదో కూర్చుంటే ఆ ఫొటో పోయినట్టే. ఆకాశం ఉంటే బూడిదరంగు గుండ్రటి మచ్చల కోసం వెతకండి, అవి సెన్సర్ మీది దుమ్ము. ఎఫ్/4 దగ్గర (లెన్స్ రంధ్రం పెద్దగా ఉన్నప్పుడు) కనపడవు, ఎఫ్/16, ఎఫ్/22 దగ్గర (అది చిన్నదైనప్పుడు) బయటపడతాయి. వెలుగు వైపు ఉన్న కొమ్మల అంచున ఊదారంగు గీత ఉందంటే అది క్రోమాటిక్ అబెరేషన్. రా కన్వర్టర్‌లో (కెమెరా రా ఫైలును ఫొటోగా మార్చే సాఫ్ట్‌వేర్‌లో) లెన్స్ కరెక్షన్ టిక్ పెడితే చాలావరకు పోతుంది. నీడల్ని బలవంతంగా పైకి లేపితే అక్కడ రంగురంగుల ఇసుక రాలినట్టు నాయిస్ వస్తుంది. దాన్ని పూర్తిగా తుడిచేయబోతే చర్మం మైనంలా తయారవుతుంది, దానికీ తిరస్కారమే. షార్ప్‌నింగ్ ఎక్కువైతే అంచుల వెంట తెల్లటి గీత. స్టాక్‌కు పంపే ఫైలులో షార్ప్‌నింగ్ తగ్గించే ఉంచండి. కావాల్సినంత కొన్నవాళ్లే పెంచుకుంటారు.

ఫోకస్ కాస్త మెత్తగా ఉండి, ఫొటో మాత్రం వదులుకోలేనిదైతే ఒక దారి ఉంది. సైజు తగ్గించండి. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 6000×4000 ఉంటుంది. 3000×2000కి తెస్తే 6 మెగాపిక్సెళ్లు. షట్టర్‌స్టాక్, అడోబ్ అడిగే కనీసం 4. ఆలమీ మాత్రం కుదింపు విప్పాక ఫైలు 17 ఎంబీకి పైన ఉండాలంటుంది. 6 మెగాపిక్సెళ్లను పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున లెక్కేస్తే 17కి కాస్త పైనే వస్తుంది. అంటే అక్కడా సరిపోతుంది. చిన్న ఫొటోను సాగదీయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

జేపెగ్‌గా సేవ్ చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీ కలర్ స్పేస్, అత్యధిక క్వాలిటీ. అడోబ్‌కు ఫైలు 45 ఎంబీ దాటకూడదు.

ప్రశ్న: బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన కాఫీ కప్పు, టైప్ చేస్తున్న చేతులు. మనుషుల ముఖాలే లేవు. అయినా "ఇంటలెక్చువల్ ప్రాపర్టీ" అని తిప్పి పంపారు.

జవాబు: ఆ ఫొటోనే పెద్దది చేసి చూద్దాం. ల్యాప్‌టాప్ మూత మీద లోగో ఉంటుంది, అది మీరు తుడిచే ఉంటారు. తెర కింది అంచున కంపెనీ పేరు? కీబోర్డు మీద సిస్టమ్ గుర్తున్న మీట? పక్కన పెట్టిన స్టిక్కర్? తెర మీద తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్, దాని ఐకాన్‌లు? కప్పు మీద బొమ్మ ఉంటే అది ఎవరో చిత్రకారుడిది. వెనక అల్మారాలో పుస్తకాల వెన్నుల మీద పేర్లు. చేతికున్న వాచీ డయల్. కళ్లజోడు కాడ మీద చిన్న అక్షరాలు. ఒక్క ఫొటోలోనే ఇన్ని చోట్లు.

తీశాక చెరపడం కన్నా తీసేముందు తిప్పిపెట్టడం తేలిక. పుస్తకాలను వెన్ను గోడవైపు ఉండేలా పెట్టండి, తెర మీద మీరే తీసిన ఫొటో ఉంచండి, లేబుల్ లేని వస్తువులు ఒక పెట్టెలో దాచుకోండి. కార్లు, బూట్ల విషయంలో లోగో తీసినా సరిపోకపోవచ్చు, ఆకారాన్ని బట్టే కంపెనీ పోల్చుకోగలిగితే అదీ అభ్యంతరమే. కట్టడాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి: ఈఫిల్ టవర్‌ను పగలు తీసిన ఫొటో అమ్మొచ్చు. రాత్రి దీపాలంకరణకు వేరే కాపీరైట్ ఉంది, వాణిజ్య వాడకానికి ఒప్పుకోరు.

ప్రశ్న: కీవర్డ్‌లు 50 దాకా ఇవ్వొచ్చన్నారని 50 నింపుతున్నాను. అయినా ఎవరూ చూడటం లేదు.

జవాబు: నింపడమే ఇబ్బంది తెచ్చింది. షట్టర్‌స్టాక్ 7 నుంచి 50, అడోబ్ 49 దాకా తీసుకుంటాయి. అది గరిష్ఠం, లక్ష్యం కాదు. ఇరవై ఐదు, ముప్పై సరైన మాటలుంటే చాలు.

చక్రం మీద కుండ చేస్తున్న చేతుల ఫొటో అనుకోండి. టైటిల్: "తిరుగుతున్న చక్రం మీద తడి మట్టిని పాత్రగా మలుస్తున్న కుమ్మరి చేతులు". ముందు రావాల్సిన పది: కుమ్మరి, చేతులు, మట్టి, చక్రం, కుండ, కుండల తయారీ, చేతిపని, వృత్తి, నైపుణ్యం, దగ్గరి దృశ్యం. ఆ తరువాత గోధుమరంగు, తడి, ఒక్కరే, లోపల, ఆకారం, ఓర్పు లాంటివి. ఫొటోలో లేని "ప్రకృతి", "వ్యాపారం", "ఆనందం" చేరిస్తే, వాటి కోసం వెతికినవాళ్లకు మీ కుండ కనపడుతుంది, వాళ్లు నొక్కకుండా పోతారు. ఆలమీ ఈ చూపులు, నొక్కుల నిష్పత్తిని లెక్కేసి మీ ఫొటోలన్నిటినీ వెనక్కి నెడుతుంది. అక్కడ ఫొటో పక్కన డిస్కవరబిలిటీ (ఫొటో ఎంత తేలిగ్గా దొరుకుతుందో చూపే) పట్టీ ఒకటి నారింజ నుంచి పచ్చకు మారుతుంటుంది. దాన్ని పచ్చ చేయాలని ట్యాగులు పోగేయకండి, నారింజలో ఉన్నా నష్టం లేదు.

అడోబ్‌లో కీవర్డ్‌ల వరసకు విలువుంది, మొదటి పదే ఎక్కువ పనిచేస్తాయి. ఇక్కడ చాలామందిని దెబ్బతీసే చిక్కు ఒకటుంది: ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ కీవర్డ్‌లను అక్షరక్రమంలోకి మార్చేస్తుంది. మీరు జాగ్రత్తగా పేర్చిన వరస ఎక్స్‌పోర్ట్‌లో చెదిరిపోతుంది. అప్‌లోడ్ అయ్యాక అడోబ్ పోర్టల్‌లో ముఖ్యమైన పదింటిని పైకి లాగండి, లేదా వరస మార్చని మెటాడేటా టూల్‌తో రాయండి. కీవర్డ్‌లు ఇంగ్లిష్‌లో ఇవ్వండి, వెతికేవాళ్లలో ఎక్కువమంది ఆ భాషలోనే వెతుకుతారు.

ప్రశ్న: వీధిలో తీసిన ఫొటోల్లో జనం ఉన్నారు. అందరి సంతకాలూ ఎలా తేవాలి?

జవాబు: తేలేరు, కాబట్టి వాణిజ్య విభాగంలో పెట్టకండి. ఎడిటోరియల్‌గా పంపండి. అవి వార్తలకు, పాఠ్యపుస్తకాలకు అమ్ముడవుతాయి గాని ప్రకటనలకు వాడరు. షట్టర్‌స్టాక్‌కు ఎడిటోరియల్ వివరణ "ఊరు, దేశం - తేదీ:" అన్న తీరులో మొదలవ్వాలి, ఆ వెనక ఏం జరుగుతోందో ఒక వాక్యం. తేదీ ఫొటో తీసిన రోజుదే కావాలి. ఎడిటోరియల్‌లో లోగో చెరపడం, మనిషిని తీసేయడం కూడదు. క్రాప్, వెలుగు, రంగు సరిదిద్దడం వరకే.

వాణిజ్య విభాగంలో మాత్రం ముఖమే కనపడాలని లేదు. పచ్చబొట్టు, వీపు వెనక నుంచి ప్రత్యేకమైన జడ, ఏదైనా సరే ఆ మనిషి "ఇది నేనే" అనుకోగలిగితే మోడల్ రిలీజ్ (ఆ మనిషి సంతకం చేసిన అనుమతి పత్రం) కావాలి. మీ ఫొటో మీరే తీసుకున్నా కావాలి. పిల్లలైతే తల్లో తండ్రో సంతకం చేయాలి. సాక్షి సంతకం మోడల్‌దీ ఫొటోగ్రాఫర్‌దీ కాకూడదు, మూడో మనిషి ఉండాలి. ఫారం ఫొటోలు తీసిన రోజునే నింపించుకోండి. ఆరు నెలల తరువాత అదే మనిషిని వెతుక్కుంటూ వెళ్లడం కష్టం, అడగడానికీ ఇబ్బందే.

ప్రశ్న: ఎక్స్‌క్లూజివ్‌గా ఉంటే ఎక్కువ ఇస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఐస్టాక్ ఎక్స్‌క్లూజివ్‌లకు 25 నుంచి 45 శాతం ఇస్తుంది. 15తో పోలిస్తే పెద్ద తేడానే. కానీ అది ఒక ఫొటోకు కాదు, మీకు. మీ రాయల్టీ-ఫ్రీ ఫొటోలు (ఒకసారి కొంటే పలుసార్లు వాడుకోగలిగేలా అమ్మేవి) ఇంకెక్కడా ఉండకూడదు. మిగతా ఏజెన్సీల నుంచి అన్నీ దించేయాలి. పైన చెప్పిన ఆరు నెలల పట్టికలో ఐస్టాక్ వాటా సగం దాటకపోతే ఆ పని చేయొద్దని మా సలహా. ఆలమీలో, డ్రీమ్స్‌టైమ్ అనే ఇంకో ఏజెన్సీలో ఒక్కో ఫొటోకు విడిగా ఎక్స్‌క్లూజివ్ పెట్టుకోవచ్చు, మొదటి ప్రయత్నానికి అదే నయం.

రైట్స్-మేనేజ్డ్ (ఎక్కడ, ఎంతకాలం వాడతారో చెప్పి ఒక్కో వాడకానికి విడిగా అమ్మే పద్ధతి) విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాం. ఒక ఫొటోను ఒక్కచోట రాయల్టీ-ఫ్రీగా పెట్టాక, ఇంకోచోట రైట్స్-మేనేజ్డ్‌గా పెట్టకండి. డబ్బెక్కువ పెట్టి ప్రత్యేక హక్కులు కొన్న వ్యక్తికి అదే ఫొటో చవగ్గా ఇంకోచోట కనపడితే మీ ఖాతాకే ముప్పు.

ప్రశ్న: ఏజెన్సీలు అడిగే డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారం నింపకపోతే ఏమవుతుంది?

జవాబు: అమెరికాలో ఉండని వ్యక్తి ఆ ఫారం ఇవ్వకపోతే అమెరికా కొనుగోలుదారుల ద్వారా వచ్చిన రాయల్టీలోంచి 30 శాతం పట్టుకుంటారు. మీ దేశానికి పన్ను ఒప్పందం ఉంటే ఫారంలో ఆ దేశం పేరు, మీ పన్ను సంఖ్య రాయండి, రేటు తగ్గుతుంది. సంతకం పెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ల చివరిదాకా చెల్లుతుంది, ఆ తరువాత మళ్లీ ఇవ్వాలి. పేరు బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే అక్షరం తప్పకుండా ఉండాలి.

ప్రశ్న: ఏఐతో చేసిన బొమ్మలు ఫొటోలతో కలిపి పంపొచ్చా?

జవాబు: అడోబ్ స్టాక్ తీసుకుంటుంది, కానీ పంపేటప్పుడు జనరేటివ్ ఏఐ అన్న గడిలో టిక్ పెట్టాలి. గెట్టీ (ఐస్టాక్ మాతృసంస్థ), ఐస్టాక్ 2022 సెప్టెంబరు నుంచి వద్దంటున్నాయి. షట్టర్‌స్టాక్ కూడా కంట్రిబ్యూటర్ల (ఫొటోలు పంపేవాళ్ల) నుంచి వాటిని తీసుకోదు. కాబట్టి ఆ ఫైళ్లను వేరే ఫోల్డర్‌లో ఉంచండి. నాలుగు ఏజెన్సీలకూ ఒకేసారి అప్‌లోడ్ చేసే అలవాటున్నవాళ్లు పొరపాటు చేసేది ఇక్కడే.